తీతయ్య బావిలోంచి వచ్చిన పాట

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకి జరగండి. నిద్రొచ్చేవాళ్ళు గోడకి ఆనుకోండి. నిద్ర రాదులే, ముందే చెబుతున్నా!

అనగనగా, మన తాతల తాతలు గోచీ పెట్టుకుని గొర్రెల వెంట తిరిగే రోజుల్లో, కొండకి అవతల, ఏటికి ఇవతల, ముళ్ళగట్టు అని ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో తీతయ్య అని ఒక మనిషి ఉండేవాడు. పని ఏంటంటే బావులు తవ్వడం. మనిషి నల్లగా, పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. చేతిలో గడ్డపార లేకపోతే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

తీతయ్యకి పాటలంటే ప్రాణం. కానీ గొంతు? అబ్బో! చిరిగిన డప్పు మీద అరచేత్తో రుద్దినట్టు ఉండేది. ఆదివారం ప్రార్థన గుడిలో నోరు తెరిచాడంటే పసిపిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. ఆ పల్లెకి దేవవరం పంతులని ఒక మంచాయన ఉండేవాడు. ప్రార్థనలు చేయించేది ఆయనే, పిల్లలకి అక్షరాలు దిద్దించేది ఆయనే. ఆయన తీతయ్యని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యేసి, మెల్లిగా చెప్పాడు.

"తీతయ్యా, నువ్వు మనసులో పాడుకో నాయనా. దేవుడికి వినిపిస్తుంది."

తీతయ్య తలూపాడు. గుమ్మం దగ్గర కూర్చుని మనసులో పాడుకున్నాడు. పెదాలు మాత్రం కదిలేవి.

ఇట్టా ఉండగా కరువొచ్చింది. అట్టాంటిట్టాంటి కరువు కాదు. మొదటి ఏడు చెరువు ఎండింది. రెండో ఏడు ఏరు ఎండింది. మూడో ఏడు కళ్ళు కూడా ఎండాయి, ఏడుద్దామన్నా నీళ్ళు రాలేదు.

పక్కనున్న పెద్ద ఊళ్ళో పేరంనాయుడి బావి ఒక్కటే మిగిలింది. ఆ బావి తవ్వింది ఎవరు? తీతయ్యే! కానీ జల పడిన రోజున తీతయ్యని గట్టు దిగమన్నారు. దిగాడు. ఆ తర్వాత, మైలవుతుందని, ఆ గట్టు మళ్ళీ ఎక్కనివ్వలేదు. పల్లెవాళ్ళు కింద కుండలు పెట్టుకుని నిలబడాలి. పైనుంచి ఎవరన్నా పోస్తే పట్టుకోవాలి. పోసేవాళ్ళు లేకపోతే పొద్దుగూకేదాకా నిలబడాలి.

మూడో ఏడు ఎండాకాలం పేరంనాయుడు ఆ పోసేది కూడా ఆపేశాడు.

"నా ఎడ్లకే చాలట్లేదు. ఇంక రావొద్దు," అన్నాడు.

ఆ ఆదివారం గుడిలో పాట లేదు. పాడదామంటే గొంతు తడి లేదు. ప్రార్థన అయ్యాక అందరూ ఊరికే కూర్చున్నారు. అప్పుడు తీతయ్య భార్య లేయమ్మ లేచింది. లేయమ్మ ఎట్టాంటిదనుకున్నారు? మొగుడు ఎంత మెత్తనో ఆమె అంత గట్టి. పిలిచిందంటే కొండ మీద మేక కూడా దిగొచ్చేది.

"మావా, పది ఊళ్ళకి బావులు తవ్వినావు. మన పల్లెకి ఒక్క బావి తవ్వలేవా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. ముళ్ళగట్టులో బావా? ఆ నేలలో? పల్లెకి పెద్ద, బావుల పనిలో తల నెరిసినవాడు యోనా తాత. ఆయన నవ్వేశాడు.

"ఒసే లేయమ్మా, ఈ నేల కింద ఉన్నదంతా బండేనే. జల ఉంటుందా?"

తీతయ్య లేచి నిలబడ్డాడు. "తెలీదు తాతా. తవ్వితేగానీ తెలీదు," అన్నాడు.

తెల్లారి మొదలెట్టారు. ఇక చూడండి! పల్లె పల్లెంతా కదిలింది. మగవాళ్ళు గడ్డపారలు పట్టారు, ఆడవాళ్ళు తట్టలు ఎత్తారు, ముసలివాళ్ళు కూర్చుని తాళ్ళు పేనారు. ముందు ఎర్రమట్టి వచ్చింది. తడి లేదు. "ఇంక వద్దులే," అన్నారు. "ఇంకో గజం," అన్నాడు తీతయ్య. తర్వాత గరుసు వచ్చింది. తడి లేదు. "ఇంక వద్దులే," అన్నారు. "ఇంకో గజం," అన్నాడు తీతయ్య. తర్వాత బండ వచ్చింది. గడ్డపార తగిలితే నిప్పురవ్వలు లేచాయి. "ఇంక వద్దయ్యా బాబూ!" అన్నారు. తీతయ్య చెమట తుడుచుకున్నాడు. "ఇంకో గజం," అన్నాడు.

ఒకరోజు పొద్దెక్కాక అందరూ అంబలి తాగడానికి పైకెక్కారు. తీతయ్య ఎక్కలేదు. బావి అడుగున ఒక పక్క బండ చూరులా ముందుకి పొడుచుకొచ్చి ఉంది. దాని కింద దూరి చెయ్యి పెట్టి చూశాడు.

"లేయా! మట్టి చల్లగా తగులుతుందే! నాలుగు దెబ్బలేసి వస్తా!" అని కేకేశాడు.

నాలుగు దెబ్బలు వేశాడో, మూడే వేశాడో.

ఢామ్మని చప్పుడు! బావి పక్కగోడ జారిపోయింది! మట్టి, గరుసు, రాళ్ళు, అన్నీ కలిసి లోపలికి పడ్డాయి. దుమ్ము తాటిచెట్టంత లేచింది. దుమ్ము అణిగాక చూస్తే బావి లేదు. బావి ఉండాల్సిన చోట గుంట, గుంట నిండా రాళ్ళు. తీతయ్య ఆ కింద.

లేయమ్మ తట్ట పారేసి పరిగెత్తింది. గుంటలోకి దూకబోతే నలుగురు పట్టుకున్నారు. మగవాళ్ళు పారలు తీసుకుని దిగబోయారు. యోనా తాత చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగండ్రా! ఈ మట్టి ఇంకా జారుతుంది. దిగినవాడల్లా పోతాడు. నేను చూశాను ఇట్టాంటివి." గుంట వైపు చూశాడు. "తీతయ్య లేడు. పంతులుగారూ, ఇక్కడే నాలుగు మాటలు చెప్పండి. ఇదే వాడికి సమాధి అనుకుందాం."

అబద్ధం చెప్పే మనిషి కాదు యోనా తాత. ఆయన ఇద్దరు అన్నదమ్ముల్ని బావుల్లోనే పోగొట్టుకున్నాడు. అందుకే అందరూ ఆగిపోయారు. దేవవరం పంతులు తలగుడ్డ తీశాడు. ప్రార్థనకి నోరు తెరిచాడు.

"నోరు ముయ్యండి!" అని అరిచింది లేయమ్మ.

పంతులుగారినే! అందరూ అదిరిపోయారు. చూస్తే లేయమ్మ నేల మీద బోర్లా పడుకుని ఉంది. చెవి మట్టికి ఆనించింది.

"పాడుతున్నాడు," అంది.

"పిచ్చిదానా, అది గాలి," అన్నాడు యోనా తాత.

"నోరు ముయ్యమన్నానా! పాడుతున్నాడు!"

పిల్లల నోళ్ళు మూశారు. మేకల మూతులు పట్టుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు నేల మీద పడుకుని చెవి ఆనించారు. పంతులు పడుకున్నాడు. యోనా తాత మోకాళ్ళు పట్టుకుని పడుకున్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత, ఎక్కడో లోతులో, చిరిగిన డప్పు మీద అరచేత్తో రుద్దినట్టు...

*చీకటి నా మీద,*
*రాయి నా మీద,*
*నీ చెయ్యి నా మీద ఉందా, దేవా?*
*ఉన్నావా, దేవా, ఉన్నావా?*

అదే గొంతు! గుమ్మం దగ్గర కూర్చోబెట్టిన గొంతు! సన్నటి గొంతైతే ఆ మట్టిలోనే ఆగిపోయేదేమో. ఈ బొంగురు గొంతు మట్టిని, గరుసుని, బండని దాటుకుని పైకొచ్చింది.

లోపల జరిగింది తర్వాత తీతయ్యే చెప్పాడు. ఆ బండ చూరు మట్టిని ఆపింది. తల మట్టికి పైన ఉంది, చేతులు ఆడుతున్నాయి, రాళ్ళ సందుల్లోంచి కాస్త గాలి వస్తుంది. ఒక పెద్ద గుండు మాత్రం కుడికాలి మీద పడింది. అరుద్దామంటే నోట్లోకి దుమ్ము. ఊపిరి పొట్టిది. అందుకని పొట్టి పొట్టి మాటలు కలుపుకుని, మెల్లిగా పాడుకున్నాడు. మనుషులు వింటారని కాదు. దేవుడు ఉన్నాడో లేడో కనుక్కుందామని.

లేయమ్మకి అదేం పట్టలేదు. రాళ్ళ సందులో నోరు పెట్టి, కొండ మీది మేకని పిలిచినట్టు పిలిచింది.

"ఉన్నానయ్యా! ఉన్నాను!"

అంతలో లోపల్నుంచి గొంతు కాస్త గట్టిగా వచ్చింది.

*కాలు కదలదు,*
*కన్ను కానదు,*
*పిలిచే పిలుపైతే ఆగదు, దేవా.*
*ఉన్నావా, దేవా, ఉన్నావా?*

"ఉన్నానయ్యా! ఉన్నాను!" అంది లేయమ్మ.

ఇంక ఎవరు ఆగుతారు! యోనా తాతే మొదట పార అందుకున్నాడు. కానీ ఆయన చెప్పింది నిజమే. ఒక తట్ట తీస్తే రెండు తట్టలు జారుతున్నాయి. పక్కలకి దన్ను పెట్టాలి. దన్నుకి దూలాలు కావాలి. ఆ పల్లెలో అన్నీ పుల్లల గుడిసెలే, దూలాలు ఎక్కడివి?

అందరి కళ్ళూ ఒకేసారి గుడి వైపు తిరిగాయి.

ఆ గుడి మీద తాటిదూలాలు ఉన్నాయి. వాళ్ళు ఏటి అవతలి నుంచి భుజాల మీద మోసుకొచ్చినవి. కూలికి పోయి వచ్చాక, రోజుకి కాస్త, రోజుకి కాస్త, కట్టుకున్న గుడి. పల్లె మొత్తానికి తలెత్తి చూసుకునేది అదొక్కటే. ఎట్టా అడుగుతారు?

దేవవరం పంతులు పంచె ఎగ్గట్టాడు. "చూస్తారేంట్రా! పీకండి!" అన్నాడు. ఆయనే నిచ్చెనెక్కాడు. తన చేత్తో కప్పు మీద తాటాకు లాగి కింద పడేశాడు.

దూలం దిగింది. ఇంకో దూలం దిగింది. ఇంకోటి దిగింది. కాసేపటికి ఆ గుడికి నాలుగు గోడలూ పైన ఆకాశమే మిగిలాయి. దూలాలు అడ్డం పెట్టారు, నిలువు పెట్టారు, మట్టి ఆగింది. పార పడింది, తట్ట లేచింది. పార పడింది, తట్ట లేచింది. పొద్దు నడినెత్తి దాటింది. కింద పాట, పైన పార. రెండూ ఆగలేదు.

చివరికి యోనా తాత చెయ్యి ఒక సందులోంచి లోపలికి దూరింది. ఒక చెయ్యి ఆయన చేతిని పట్టుకుంది.

"దొరికాడు! దొరికాడ్రా!" అని తాత ఎగిరి గంతేశాడు. ఆ వయసులో!

మట్టి తీశారు. తీతయ్య మొహం కనిపించింది. అంతా దుమ్ము, కళ్ళు మాత్రం తెల్లగా. లాగారు. రాలేదు. ఆ గుండు కాలి మీద అట్టాగే ఉంది. పది మంది తోశారు, కదల్లేదు.

అప్పుడే కింద ఎవరో అన్నారు. "తాతా, నా పాదాలు తడిగా ఉన్నాయే!"

జల పడింది!

మూడేళ్ళు ఏ నీళ్ళ కోసం ఏడ్చారో ఆ నీళ్ళు! బండ పగిలిన చోట బుడబుడమని ఊట. పైన ఆడవాళ్ళు కేకలేశారు, పిల్లలు గంతులేశారు. లేయమ్మ ఒక్కతే గంతెయ్యలేదు. నీళ్ళు కిందున్నవాళ్ళ పిక్కలు దాటాయి. తీతయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, లేవలేడు. నీళ్ళు అతని నడుము దాటాయి.

"ఎడ్లు కావాలి," అన్నాడు యోనా తాత. "ఎడ్లు, మోకు. మనుషుల వల్ల కాదు."

ఆ చుట్టుపక్కల ఎడ్లు ఎవరికున్నాయి? పేరంనాయుడికి.

లేయమ్మ పరిగెత్తింది. ముళ్ళు చూడలేదు, రాళ్ళు చూడలేదు. వెళ్ళి నాయుడి వాకిట్లో నిలబడింది.

"దొరా, మీ ఎడ్లు కావాలి. నా మొగుడు బావిలో ఉన్నాడు."

పేరంనాయుడు ఎడ్ల వైపు చూశాడు. ఎముకలు తేలి ఉన్నాయి. "వాటికే నిలబడే ఓపిక లేదు. ఏం లాగుతాయి?" అన్నాడు.

"దొరా, మీ బావి తవ్వింది ఆయనే."

నాయుడు బావి వైపు చూశాడు. ఆమె కాళ్ళ వైపు చూశాడు. రెండు పాదాలూ ముళ్ళు దిగి నెత్తురు కారుతున్నాయి. లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. పాలేరుని పిలవలేదు. తనే ఎడ్లని విప్పాడు, తనే మోకు భుజాన వేసుకున్నాడు.

వాళ్ళు వచ్చేసరికి గుంట దగ్గర అందరూ అంచున నిలబడి కిందికి చూస్తున్నారు. నీళ్ళు తీతయ్య గడ్డం దగ్గరికి వచ్చాయి. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాట ఆగిపోయింది.

"తీతయ్యా!" అని పిలిచారు. పలకలేదు. "తీతయ్యా!" అని పంతులు పిలిచాడు. పలకలేదు.

లేయమ్మ దూలాలు పట్టుకుని అంచుకి వంగింది. అతను ఇంకా అడగలేదు. అడిగే ఓపిక లేదు. అయినా ఆమె ఆగలేదు.

"ఉన్నానయ్యా! ఉన్నాను!"

తీతయ్య పెదాలు కదిలాయి. నీళ్ళకి పైగా మొహం ఎత్తాడు.

*నీళ్ళు వచ్చాయి,*
*తియ్యని నీళ్ళు,*
*పిల్లలు తాగేదాకా ఉంటావా, దేవా?*
*ఉన్నావా, దేవా, ఉన్నావా?*

"మోకు బిగించండి!" అని అరిచాడు పేరంనాయుడు. గుండుకి మోకు చుట్టారు. నాయుడు కాడి దగ్గర నిలబడ్డాడు. "హెయ్! హెయ్! నా తండ్రుల్లారా, లాగండ్రా!" ఎడ్లు ఒకసారి లాగాయి. కదల్లేదు. రెండోసారి లాగాయి. ఒక ఎద్దు మోకాళ్ళ మీద పడింది, మళ్ళీ లేచింది. మూడోసారి నాయుడే కాడికి భుజం ఆనించాడు. పల్లెవాళ్ళందరూ మోకు పట్టుకున్నారు. ఎవరు ఎవరిని తాకారో ఆ పూట ఎవరూ చూసుకోలేదు.

గుండు కదిలింది!

తీతయ్యని చంటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి పైకి తెచ్చారు. అప్పటికి పొద్దు కొండ మీద ఉంది. లేయమ్మ అతని మొహం కొంగుతో తుడిచింది. అతను కళ్ళు తెరిచి అటూ ఇటూ చూశాడు.

"లేయా, దేవుడు పలికాడే. నాకు వినిపించింది. 'ఉన్నానయ్యా' అన్నాడే!"

"దేవుడు పక్కనే ఉండుంటాడు మావా," అంది లేయమ్మ. "అరిచింది మాత్రం నేను."

పల్లెంతా ఏడుస్తూనే నవ్వింది. మొదటి కడవ నీళ్ళు పిల్లలకి పోశారు. రెండో కడవ ఎడ్లకి పెట్టారు. మూడో కడవ పేరంనాయుడి ముందు పెట్టారు. ఆయన తాగాడని కొందరంటారు, తాగలేదని కొందరంటారు. ఆ మర్నాటి నుంచి ఆయన బావి గట్టు మీద ఎవరినీ ఆపలేదు. అది మాత్రం అందరూ అంటారు.

తర్వాతి ఆదివారం కప్పు లేని గుడిలో అందరూ కూడారు. నెత్తిన ఎండ. దేవవరం పంతులు గుమ్మం దాకా నడిచి వెళ్ళి తీతయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"మనసులో పాడుకోమని చెప్పాను. పొరపాటైంది. ముందుకి రా. గట్టిగా పాడు."

తీతయ్య కుంటుకుంటూ వెళ్ళి పాడాడు. మగవాళ్ళు గొంతు కలిపారు. జవాబు చోటు వచ్చేసరికి అందరూ ఆగారు. దేవుడి మాట ఎవరు పాడాలి? పంతులు పాడాలని ఒకరన్నారు, పెద్దవాళ్ళు పాడాలని ఒకరన్నారు. తీతయ్య తల అడ్డంగా ఊపాడు. "నేను విన్నది ఆడగొంతు," అన్నాడు. అంతే. లేయమ్మ పాడింది. ఆమె వెనక ఆడవాళ్ళందరూ పాడారు.

ఆ పాట అక్కడ ఆగిందా? ఆగలేదు! బావులు తవ్వేవాళ్ళు దాన్ని ఊరూరా మోసుకుపోయారు. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలు అత్తగారిళ్ళకి పట్టుకుపోయారు. సంతకి వచ్చినవాళ్ళు బండ్ల మీద పాడుకుంటూ పోయారు. ఏటి అవతలి గుళ్ళవాళ్ళు వచ్చి, "తీతయ్యా, ఇంకో పాట కట్టు," అని బతిమాలారు.

"ఇంకో బావిలో పడమంటారా?" అన్నాడు తీతయ్య. ఇంకో పాట కట్టనే లేదు.

చాలా ఏళ్ళు బతికాడు. తల ముగ్గుబుట్టయ్యాక, ఒక మధ్యాహ్నం నులకమంచం మీద పడుకుని, నిద్రలోనే పోయాడు. చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలొచ్చాయి. గుంటలోకి దించారు, మట్టి వేశారు. పాడదామని మొదలెట్టారు. మొదటి చరణం అయింది. రెండో చరణం, దాని జవాబు అయ్యాయి. మూడో చరణం దగ్గర పాట ఆగిపోయింది. అందరూ మట్టి వైపు చూస్తూ నిలబడ్డారు.

లేయమ్మ అప్పటికి పండు ముసలి. ఇద్దరు పట్టుకుంటే కూర్చుంది. మెల్లిగా వంగి, కొత్త మట్టికి చెవి ఆనించింది. చాలాసేపు అట్టాగే ఉంది. తర్వాత మొహం ఎత్తి, ఎవరూ అడగకుండానే పాడింది.

"ఉన్నానయ్యా, ఉన్నాను."

అప్పుడు అందరి గొంతులూ లేచాయి. మూడో చరణం కొండకి తగిలి తిరిగొచ్చింది.

అదిగో, అప్పట్నుంచి ఆ సీమలో ఆ పాట అట్టాగే పాడతారు. కొత్త బావిలో జల పడితే, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళైనా సరే, కింద ఉన్నవాడు "ఉన్నావా?" అని అరుస్తాడు, పైనున్న ఆడవాళ్ళు "ఉన్నాను!" అంటారు. ఆ తర్వాతే పిల్లలకి నీళ్ళు. గుడిలో రెండో చరణం, దాని జవాబు కాగానే హార్మోనియం ఆపేస్తారు, డోలక్ ఆపేస్తారు. పిల్లలు గబుక్కున నేలకి చెవులు పెడతారు. మగవాళ్ళు నోరు తెరవరు. మూడో చరణం ఎవరూ ఎత్తుకోకముందే ఆడవాళ్ళు అందుకుంటారు, "ఉన్నానయ్యా, ఉన్నాను" అని. అప్పుడు మూడో చరణం.

కొత్తగా వచ్చిన పంతుళ్ళు ఇది విని కంగారుపడతారు. "అమ్మా, తప్పు పాడారు. ముందు అడగాలి కదా, తర్వాత కదా జవాబు?" అంటారు.

ముందు వరసలో ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు.

"మా పాటలో ముందు జవాబేనయ్యా," అంటారు. "నువ్వు కానియ్యి."